అమ్మ ఉంటున్న పెంకుటింటికి పైకప్పు మార్చాలి, ఏ కాంట్రాక్టర్‌ని నమ్మాలి?

రాజోలు వాసి (ప్రశ్న)

నమస్కారం అందరికీ. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మాది కోనసీమలో రాజోలు దగ్గర చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. తాతయ్య కట్టిన పెంకుటిల్లు. తాటి దూలాలు, తాటి వాసాలు, వాటి మీద అడ్డంగా రీపర్లు (పెంకు కూర్చునే సన్న కర్రలు), పైన బెంగుళూరు పెంకులు. గోడలు ఇటుకవే గానీ మట్టి అడుసుతో కట్టినవి, పైన సున్నం. నేల మీద కొలిస్తే 1100 చదరపు అడుగులు. 1996 నవంబరు తుఫానుకి పడమటి వైపు పెంకులు లేచిపోతే నాన్నగారు మళ్లీ కప్పించారు. ఆ తర్వాత ఏటా వానలకి ముందు పెంకు సర్దించడం తప్ప పెద్ద పని ఏదీ జరగలేదు.

అమ్మ ఫోన్‌లో ఏమీ చెప్పదు, నేను టెన్షన్ పడతానని. దసరాకి వెళ్లి చూస్తే ఇంట్లో నాలుగు చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి, మంచం రోజుకో మూలకి జరుపుకుంటోంది. వంటింటి మీద దూలానికి చెద పట్టింది, వేలితో నొక్కితే పొడి రాలింది. ఇక ఆగకూడదని ముగ్గురిని అడిగాను.

మా ఊరి మేస్త్రీ గారు కూలికి మాత్రమే చేస్తానంటున్నారు, సామాను మనం కొనాలి. కాగితం ఏమీ లేదు, "నేను చూసుకుంటాను బాబూ" అంతే. పక్క ఊళ్లో వెల్డింగ్ షాపు ఉన్నతను ఇనుప ట్రస్సులు (పైకప్పుని మోసే పైపుల చట్రాలు), కలర్ రేకులు వేసి 2.9 లక్షలకి చేస్తానన్నాడు, 60 శాతం అడ్వాన్స్ అడిగాడు, పాత కలప, పెంకులు తనే తీసుకెళ్తాడట. ఇల్లు చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పాడు. మూడోది టౌన్‌లో ఉన్న కంపెనీ, 4.75 లక్షలు, పదేళ్ల గ్యారంటీ అని కాగితం ఇస్తారు, కానీ పనిచేసే మనుషులు ఎవరో మాకు తెలియదు.

మా బావగారేమో అసలు ఇవన్నీ ఎందుకు, ఆ గోడల మీదే స్లాబ్ వేసేయమంటున్నారు. అమ్మ ఇల్లు వదిలి రానంటోంది, పని జరిగేటప్పుడు కూడా ఆ ఇంట్లోనే ఉంటానంటోంది. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు పూర్తి చేయాలని నా ఆలోచన. ఎక్కడో ఉండి పని చేయించుకోవాలి కాబట్టి మనిషి నమ్మకస్తుడు కావడమే నాకు అన్నిటికంటే ముఖ్యం. అది ఎలా తెలుసుకోవాలి?

భీమవరం అక్క

తమ్ముడూ, 60 శాతం అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు. నేను ఇచ్చి పడ్డ బాధ చెబుతాను, నువ్వు పడకూడదని.

మూడేళ్ల క్రితం మా అత్తగారి ఇంటికి రేకులు మార్పించాం. బాగా తెలిసినవాళ్లు చెప్పారు కదా అని రేటు తక్కువగా ఉన్నతనికి ఇచ్చాం. మొదటి రోజు పదిమంది వచ్చి సాయంత్రానికల్లా పైకప్పు మొత్తం దించేశారు. అంత జోరుగా చేస్తుంటే మేం సంతోషపడ్డాం కూడా. మర్నాడు ఇద్దరొచ్చారు, మూడో రోజు ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే రేకులు ఇంకా రాలేదంటాడు, షాపుకి వెళ్లి అడిగితే అసలు ఆర్డరే ఇవ్వలేదన్నారు. మేమిచ్చిన డబ్బుతో ఇంకెక్కడో ఆగిపోయిన పని పూర్తి చేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. పదకొండు రోజులు ఇల్లు నెత్తిన ఆకాశంతో ఉంది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివాన వచ్చి బియ్యం బస్తాలు, మామగారి బట్టల బీరువా, అన్నీ తడిశాయి. మామగారికి అప్పటికే ఆయాసం, ఆయన్ని ఆ రాత్రి పక్కింటికి నడిపించుకుని వెళ్లడం నేను మర్చిపోలేను.

అందుకే నువ్వు ముందు పెట్టాల్సిన షరతు ఇది: సామాను మొత్తం మీ ఇంటి ముందు దిగాకే పైకప్పు మీద చెయ్యి వెయ్యాలి. ఒక్కసారే అంతా దించకూడదు. వంటింటి వైపు సగం దించి అది కప్పాక రెండో సగం. దీనికి ఒప్పుకోనివాడు, "అలా అయితే పని సాగదండి" అనేవాడు మనకొద్దు. పని సాగడం అతని అవసరం, తలదాచుకోవడం మీ అమ్మగారి అవసరం.

ఇంకోటి కొలత. చదరపు అడుక్కి ఇంత అంటారు, ఏ చదరపు అడుగో చెప్పరు. మేం నేల కొలత అనుకున్నాం, ఆఖర్న వాలు కొలిచి బిల్లు వేశాడు, చూరుతో సహా. దాని మీద నాలుగు రోజులు గొడవ. నువ్వు ముందే రాయించుకో.

పాత కలప సంగతి కూడా ఆలోచించు. ముదురు తాటి దూలాలు మంచివైతే ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. అతను తీసుకెళ్తానన్నాడంటే 2.9 అనేది నిజంగా 2.9 కాదు. ముందు బయట ఇద్దరిని అడిగి కలపకీ పెంకుకీ విడిగా ధర కట్టించు.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం

బాబూ, నేను పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ముందు మీ బావగారి మాట తీసి పక్కన పెట్టండి. అడుసుతో కట్టిన పాత గోడల మీద స్లాబ్ వేయకూడదు. అయిదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకి మూడు వందల కిలోలకి పైనే బరువు, దానికి ఆ గోడలూ, ఆ పునాదీ కట్టినవి కావు.

ఇక అసలు విషయం. పైకప్పు బరువు మోయడం గురించి అందరూ మాట్లాడతారు, మన కోస్తాలో దాన్ని ఎగిరిపోకుండా పట్టి ఉంచడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. గాలి లెక్కకి ఐఎస్ 875 అని ఒక భారతీయ ప్రమాణాల కోడ్ ఉంది, దాని మూడో భాగంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకి సెకనుకి 50 మీటర్ల వేగం ఇచ్చారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. కోనసీమ కూడా అదే జోన్. హైదరాబాద్‌కి 44. ఆ 50 మీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. ఇప్పుడు చూడండి, బెంగుళూరు పెంకు చదరపు మీటరుకి పదిహేను దాకా పడతాయి, 35, 40 కిలోల బరువు ఉంటుంది, పైగా సందుల్లోంచి గాలి కొంత బయటికి పోతుంది. అర మిల్లీమీటరు కలర్ రేకు చదరపు మీటరుకి అయిదు కిలోలు కూడా ఉండదు, సందు ఉండదు. పెంకుటింటికి పెద్ద గాలి వస్తే పెంకులు లేస్తాయి, మీ నాన్నగారి కాలంలో జరిగినట్టు. రేకుల ఇంటికి సరిగ్గా కట్టకపోతే ట్రస్సుతో సహా లేస్తుంది. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ వైపు వెళ్లిన ప్రతివాడూ ఆ రేకులు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో చూశాడు.

కాబట్టి ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగండి: "ట్రస్సుని గోడకి ఎలా పట్టిస్తారు?" ఇటుకలో నాలుగు ఎక్స్‌పాన్షన్ బోల్టులు (రంధ్రంలో పెట్టి బిగిస్తే విచ్చుకుని పట్టేవి) కొడతాం అంటే వద్దు. అడుసు గోడలో అవి పట్టవు, చేత్తో లాగితే వచ్చేస్తాయి. గోడల తల చుట్టూ, నాలుగు వైపులా కలిసేలా, ఇనుము పెట్టి కాంక్రీట్ బెల్టు పోయాలి. బెల్టు పోసేటప్పుడే అందులో జే బోల్టులు (కింద కొక్కెంలా వంగినవి) నిలబెట్టి, ట్రస్సు కింది బేస్ ప్లేట్ వాటికి బిగించాలి. ఆ బెల్టుని కూడా అక్కడక్కడ కిందిదాకా, కనీసం మూలల్లో, కమ్మీలతో గోడకి కట్టాలి, లేకపోతే బెల్టుతో సహా లేచే ప్రమాదం ఉంది. దీనికి ఖర్చు అవుతుంది, మీకొచ్చిన రేట్లలో ఇది ఉందో లేదో కనుక్కోండి. నా అనుమానం 2.9లో లేదు.

నా సర్వీసులో మంచి పనివాళ్లని గుర్తుపట్టింది ఒకే విధంగా. వాళ్లు రేటు చెప్పేముందు నిచ్చెన అడుగుతారు. అటక ఎక్కి, దూలం గోడలో కూర్చున్న చోట తట్టి చూస్తారు, ఎందుకంటే చెద, చెమ్మ ముందు తినేది అక్కడే. ఆ తర్వాత గోడకి పగుళ్లున్నాయేమో ఇంటి చుట్టూ తిరుగుతారు. ఇల్లు చూడకుండా రేటు చెప్పినవాడికి మీ ఇల్లు మిగతా వంద ఇళ్లలో ఒకటి.

కాకినాడ ఫ్యాబ్రికేటర్

అన్నా, నేను ఈ పనే చేస్తాను, పదమూడేళ్లుగా. మా వాళ్లందరినీ దొంగలన్నట్టు అనుకోకండి, కానీ ఎక్కడ మోసం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదటిది పైపు మందం. కొటేషన్‌లో "50 బై 50 పైపు" అని రాస్తారు, మందం రాయరు. బయటికి చూస్తే 1.6 ఎంఎం, 2 ఎంఎం ఒకేలా ఉంటాయి, రంగు వేశాక ఎవడూ కనిపెట్టలేడు. తూకం వేస్తే తెలుస్తుంది. 50 బై 50 పైపు ఆరు మీటర్లది 2 ఎంఎం అయితే 17, 18 కిలోలు తూగాలి, 1.6 అయితే 14 కిలోల చిల్లర. సామాను దిగిన రోజు ఒక్క పైపు కాటా మీద పెట్టించండి, మీరు లేకపోయినా మీ అమ్మగారి ఎదురుగా వేయించి వీడియో తీయించండి. నిజాయితీగా చేసేవాడు దీనికి బాధపడడు, నేనైతే నేనే వేసి చూపిస్తాను.

రెండోది రేకు. పైన వేసిన ప్రింటులో మందం, కంపెనీ, కోటింగ్ ఉంటాయి, అది లేని రేకు వద్దు. మూడోది స్క్రూ. పది రూపాయల చోట మూడు రూపాయల స్క్రూ వేస్తే రెండేళ్లకి వాషర్ ఎండి చిట్లిపోతుంది, అక్కణ్నుంచి కారుతుంది. రేకు ఎంత మంచిదైనా కారేది స్క్రూ దగ్గరే. మరీ గట్టిగా బిగించినా వాషర్ నలిగిపోతుంది, అది మా కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా చెబుతూనే ఉండాలి. నాలుగోది వెల్డింగ్ చేసిన చోట గీకి రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) వేయడం. ఉప్పుగాలి ఉన్న ఊళ్లు కదా మీవి, అతుకు దగ్గర వదిలేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైకి ఎక్కించాక వేయడం కష్టం, కిందే వేయించాలి.

అడ్వాన్స్ గురించి ఒక మాట. అక్క చెప్పింది నిజమే, కానీ అసలు అడ్వాన్స్ లేకుండా కూడా మేం చేయలేం, ఇనుము కొట్లో అప్పు పుట్టదు. అందుకని నేను కస్టమర్లకి చెప్పేది ఏంటంటే, ఇనుము, రేకుల డబ్బు మీరే నేరుగా కొట్టుకి కట్టండి, బిల్లు మీ పేరు మీద తీసుకోండి. నాకు కూలీ డబ్బు మాత్రం దశల వారీగా ఇవ్వండి, బెల్టు అయ్యాక కొంత, ట్రస్సులు నిలబడ్డాక కొంత, కప్పడం అయ్యాక కొంత. ఆఖరి పది శాతం ఒక గట్టి వాన పడి చూసుకున్నాక. అలా అయితే మీకూ భయం లేదు, మాకూ కూలీలకి ఇవ్వడానికి డబ్బుంటుంది.

ఇంకొకటి ఎవరూ అడగరు. పైన ఎక్కేవాళ్లకి సేఫ్టీ బెల్టులు, తాళ్లు ఉన్నాయా, పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది అని. నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకసారి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు, ఆ ఇంటివాళ్లూ నేనూ కలిసి పెట్టుకున్నాం, అప్పట్నుంచి నేను ప్రతి మనిషికీ ప్రమాద బీమా కట్టిస్తున్నాను. మనుషుల్ని జాగ్రత్తగా చూసుకునేవాడు మీ ఇంటిని కూడా జాగ్రత్తగా చూస్తాడని నా నమ్మకం.

పాలకొల్లు నుంచి

రేకులే వేయాలని ఎందుకు నిర్ణయించేశారు? మీ అమ్మగారు పగలంతా ఇంట్లో ఉండే మనిషి. మే నెలలో రేకు కింద మధ్యాహ్నం ఎలా ఉంటుందో మా పిన్ని ఇంట్లో చూశాను, సీలింగ్ వేయించాక కూడా. వాన పడితే ఆ చప్పుడికి టీవీ వినపడదు. ఇనుప ట్రస్సులు పెట్టి పాత పెంకులే మళ్లీ పేర్చిన ఇళ్లు మా వైపు ఉన్నాయి, బాగున్నాయి. పెంకుని తట్టి చూస్తే ఖంగుమనాలి, అలా మోగినవి ఉంచుకోండి, బొంగురుగా పలికినవి పక్కన పెట్టేయండి.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం

ఇది మంచి మాటే. కానీ కాంట్రాక్టర్‌కి ముందే చెప్పాలి. వాలు లెక్కేసుకుంటే మీ ఇంటికి దాదాపు 1270 చదరపు అడుగులు, సుమారు 1800 పెంకులు, నాలుగు టన్నులకి పైనే బరువు. రేకుల కోసం అనుకున్న పైపు దానికి చాలదు. పెంకులకైతే రీపర్ల దూరం కూడా పెంకుని బట్టి, మీ పాత పెంకుని చేత్తో పట్టుకుని కొలిచి పెట్టాలి. చూరు దగ్గరా, కొప్పు దగ్గరా, చివరి వరసల్లో పెంకుల్ని తీగతో రీపరుకి కట్టించండి, గాలి ముందు లేపేది అక్కడే.

విజయవాడ లాయర్

పని పెద్దదైనా చిన్నదైనా కాగితం ఉండాలి. భాష తెలుగులో ఉన్నా పర్వాలేదు, పైపు మందం, రేకు లేదా పెంకు, కొలత వాలుదా నేలదా, ఎప్పటికి పూర్తి చేయాలి, ఏ దశకి ఎంత, పాత సామాను ఎవరిది, ఇవి రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. డబ్బు చేతికి ఇవ్వకండి, బ్యాంకు ద్వారా గానీ యూపీఐ ద్వారా గానీ పంపండి. ఇంటి నిర్మాణ పని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. టౌన్ కంపెనీ ఇచ్చే పదేళ్ల గ్యారంటీ కాగితం చదవండి, రేకు రంగుకా, కారకుండా ఉండటానికా, పనితనానికా అని. చాలావాటిలో అది రేకు తయారుచేసిన కంపెనీ ఇచ్చే హామీ మాత్రమే, బిగించినవాడికి సంబంధం ఉండదు.

రాజోలు వాసి

అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో సెలవు పెట్టి ఊరికి వెళ్లొచ్చాను.

ఏఈ గారు చెప్పిన ప్రశ్న ముగ్గురినీ అడిగాను. వెల్డింగ్ షాపతను బోల్టులు కొడతాం అన్నాడు, బెల్టు సంగతి ఎత్తితే దానికి ఇంకో 80 వేలు అన్నాడు. కంపెనీవాళ్లు సైట్ ఇంజనీరుని పంపుతామన్నారు, రెండుసార్లు డేటు ఇచ్చి రాలేదు. గ్యారంటీ కాగితం చదివాను, లాయర్ గారు చెప్పినట్టే రేకు రంగుకి మాత్రమే.

మా ఊరి మేస్త్రీ గారిని ఇంటికి పిలిచి అడిగితే ఆయన కాసేపు గోడ వైపు చూసి, "ఇనుం పని నాకు రాదు బాబూ, బెల్టు మాత్రం నేను పోస్తాను. ట్రస్సులకి నేను చెప్పిన మనిషిని పిలు" అన్నారు. తనకి రానిది రాదని ఆయన చెప్పడంతో నాకు ధైర్యం వచ్చింది. ఆయన చెప్పిన మనిషిది మలికిపురం వైపు. వచ్చీ రాగానే నిచ్చెన అడిగాడు. అటక మీద అరగంట ఉన్నాడు. దిగి వచ్చి, వంటింటి దూలం ఒక్కటే కాదండి, హాలు మీద రెండో దూలం కూడా గోడలో కూర్చున్న చోట పోయింది అని ఫోన్‌లో ఫోటో చూపించాడు. అది మాకెవరికీ తెలియదు, అమ్మ సరిగ్గా దాని కిందే పడుకుంటోంది.

అతను చేసిన రెండిళ్లు చూశాను, ఒకటి నాలుగేళ్లది. ఆ ఇంటావిడ వంటింట్లోకి తీసుకెళ్లి పైకి చూపించింది, ఎక్కడా మరక లేదు. ఒకసారి కొప్పు దగ్గర కారితే ఫోన్ చేసిన మర్నాడే వచ్చి డబ్బు తీసుకోకుండా సరిచేశాడట.

బెల్టుతో సహా, పాత పెంకులే మళ్లీ వేసేలా, పైపు 2.6 ఎంఎం, అన్నీ కలిపి 4.3 లక్షలు అయ్యేలా ఉంది. అనుకున్నదానికంటే ఎక్కువే. ఇనుము డబ్బు నేనే కొట్టుకి కడుతున్నాను. కాగితం రాసుకున్నాం. వంటింటి వైపు ముందు. మంచం మాత్రం ఆ రోజే వరండా గదిలోకి మార్పించాను. కనుమ వెళ్లిన నాలుగో రోజు మొదలు. పెంకులు పగిలేవి ఉంటాయి కదా, కొత్తవి ఎన్ని తెప్పించుకోవాలి?

భీమవరం అక్క

దించేటప్పుడు పగిలేవి కాక, మోగని పెంకులు కూడా చాలా వస్తాయి తమ్ముడూ. మొదటి సగం దించి లెక్కపెట్టుకున్నాక కొను. కానీ కొత్త పెంకు పాతదానికి గాడి కలవాలి, అందుకని ఒక పాత పెంకు చేత్తో పట్టుకుని వెళ్లి కలిపి చూసి తీసుకో. ఇంకా ఒక పెద్ద టార్పాలిన్, సగం ఇల్లు కప్పేంతది, పని మొదలవ్వకముందే కొని అమ్మ దగ్గర పెట్టేయ్. సంక్రాంతి తర్వాత వాన రాదులే అనుకోకు.